ఆగిపోయిందన్న పార్సెల్

ఆ పూట మా వదిన కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. కిటికీ దగ్గరికి వెళ్తుంది, వీధిలోకి తొంగి చూస్తుంది, వచ్చి చెక్క తల ముందు కూర్చుంటుంది. కొక్కెం సూది తీస్తుంది, పెట్టేస్తుంది, మళ్ళీ లేస్తుంది. ఆవిడ అలా తిరుగుతుంటే నాకు పని సాగదు. జుట్టు పోచలు ఒక్కొక్కటే తీసి వలకు ముడివేసే పని మాది. పక్కమనిషి తుమ్మినా ముడి జారుతుంది.

మేం విగ్గులు చేస్తాం. వదిన మా ఆయనకు అక్క, ఈ కొట్టుకు యజమాని, నాకు పని నేర్పిన మనిషి. ఇంటిల్లిపాదినీ దులిపేస్తుంది. ఆవిడకు భయమనేది ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఈ కంగారంతా టీచరమ్మ జుట్టు గురించి. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పే ఆ అమ్మాయి పెద్ద జబ్బుకు వైద్యం మొదలుపెట్టబోతూ, మందులకు రాలిపోయేలోగా తన జడ తానే కోయించుకుంది. దానితోనే విగ్గు చేయమంది. తిరిగి బడికి వెళ్ళిన రోజున పిల్లలు తనను కొత్తమనిషిలా చూడకూడదట. తల కొలతలు ఇచ్చి, జుట్టు తర్వాత పంపుతానని వెళ్ళింది. తర్వాత ఫోన్‌లో, జుట్టు పార్సెల్ చేశానని చెప్పింది. చెప్పి చాలా రోజులైంది, పార్సెల్ జాడ లేదు. ఇంకెవరి జుట్టో తెచ్చి పెట్టడానికి లేదు. అదే కావాలి.

"రసీదు ఫొటో పంపమని అడగలేదా వదినా? అందరినీ అడుగుతాంగా?"

"జడ కోసుకున్న పిల్లని రసీదు అడగమంటావా? నీకసలు మనసుందా?"

"పోనీ ఫోన్ చేసి కనుక్కో."

"ఏమని? నీ జుట్టు ఎక్కడో పడిపోయిందమ్మా అనా? నోరు మూసుకుని ముడులెయ్."

మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు చేతకాని పని కాబట్టి రెండు ముడులు తప్పు వేసి విప్పాను.

అప్పుడే కొట్టు ఫోన్‌కి మెయిల్ వచ్చింది. వదిన చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"దొరికిందే! మన పార్సెల్ దొరికింది!"

గట్టిగా చదివింది. ప్రియమైన వినియోగదారుడా, మీ పార్సెల్ మా గోదాములో ఆగిపోయినది, చిరునామా అసంపూర్తిగా ఉన్నది, ఈ రోజే కింది లింకు నొక్కి స్వల్ప రుసుము చెల్లించండి, లేనిపక్షంలో పార్సెల్ ధ్వంసం చేయబడును. ధ్వంసం అన్న మాట వదిన రెండుసార్లు చదివింది.

"వదినా, ఒక్క నిమిషం ఆగు."

"ఆగేదేంటి? కాల్చేస్తారటే!"

అప్పటికే లింకు నొక్కేసింది. కొరియర్ వాళ్ళ బండి బొమ్మా, కింద కార్డు అంకెలకు గళ్ళూ వచ్చాయి. సొరుగులోంచి కార్డు తీసి, ఒక వేలితో పొడుస్తూ అంకెలు కొడుతోంది. నేను లేచి వెళ్ళి ఫోన్ లాక్కున్నాను. ఆవిడ చేతిలోంచి ఏదైనా లాక్కున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

"ఇటివ్వు!"

"ఇవ్వను. మన మెయిల్ టీచరమ్మకి ఎవరిచ్చారు?"

వదిన చేతిలో కార్డు బల్ల మీద పెట్టింది.

మెయిల్ ఎవరికీ ఇవ్వకూడదన్నది ఆవిడ పెట్టిన కట్టుబాటే. విగ్గు చేయించుకుంటున్నట్టు నలుగురికీ తెలియడం చాలామందికి ఇష్టం ఉండదు. అందుకని మాకొచ్చే పెట్టెల మీద కొట్టు పేరు రాయనివ్వదు, మెయిల్ రాయనివ్వదు. ఆవిడ పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, అంతే. మెయిల్ తెలిసింది వలలు అమ్మేవాళ్ళకూ రంగులు అమ్మేవాళ్ళకూ మాత్రమే.

"ఏదో కనుక్కునుంటారులే," అంది నీరసంగా.

"మెయిల్ కనుక్కున్నవాడికి నీ పేరు దొరకలేదా? వినియోగదారుడట! పార్సెల్ నంబరేది? పంపినవాళ్ళ పేరేది? మెయిల్ వచ్చిన చిరునామా చూడు, కీబోర్డు మీద పిల్లి నడిచినట్టుంది. కంపెనీ పేరు మచ్చుకైనా ఉందా? అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం వీడు. మొదట ప్రియమైన అన్నాడు, చివరికొచ్చేసరికి ధ్వంసమన్నాడు."

వదిన స్టూలు మీద కూలబడింది.

"కట్టేస్తే వచ్చేస్తుంది కదా అనుకున్నానే. ఆ పిల్లకి ఫోన్ చేసి చెప్పక్కర్లేదనుకున్నా."

నా కోపం దిగిపోయింది. ఆ మెయిల్ పంపినవాడికి టీచరమ్మా తెలియదు, జడా తెలియదు. ఊరందరి మీదా ఒకటే గాలం విసురుతాడు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒక పెట్టె కోసం గుమ్మంలోకి చూస్తూనే ఉంటారు. కార్డు అంకెలు సగమే పడ్డాయి. అయినా నాకు నమ్మకం కుదరక, కార్డు వెనకున్న బ్యాంకు నంబరుకి ఫోన్ చేసి కార్డు ఆపించాను. తర్వాత వదినను అడక్కుండా టీచరమ్మకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి ఆవిడ చేతిలో ఉంచాను. వదిన నన్ను మింగేసేలా చూసింది.

"అమ్మా, నేను. నీ పార్సెల్... ఇంకా రాలేదమ్మా. పోయిందేమోనని భయంగా ఉంది."

నేను ఫోన్ దగ్గరికి వంగాను.

"పోలేదండీ," అంది టీచరమ్మ. "ఇక్కడే ఉంది. పెట్టెలో పెట్టాను. మూత వెయ్యలేకపోయాను. రేపు పంపుదాం, రేపు పంపుదాం అనుకుంటూ... మీకేమో పంపేశానని చెప్పేశా. మీరు ఫోన్ చేస్తారేమోనని రోజూ భయపడుతున్నానండీ."

వదిన ఏడుస్తోందో నవ్వుతోందో నాకు అర్థం కాలేదు. రెండూ చేస్తున్నట్టే ఉంది.

"మూత నువ్వెయ్యక్కర్లేదు తల్లీ. నేనే వస్తున్నా. నా చేతిలో పెట్టు చాలు. ఇవ్వబుద్ధి కాకపోతే కాసేపు కూర్చుని వచ్చేస్తా."

వెంటనే లేచింది. చెప్పులు కుడిదెడమకు వేసుకుని, మార్చుకుంది. ఇంతలో ఫోన్‌కి మళ్ళీ మెయిల్ వచ్చింది. చదివి వినిపించాను: ఆఖరి హెచ్చరిక, మీ పార్సెల్ మరి కాసేపట్లో ధ్వంసం చేయబడును.

"అది ఇంకా ఇల్లే కదల్లేదని చెప్పు వాడికి," అని వదిన మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేను వాడికేమీ చెప్పలేదు. మెయిల్ చెరిపేసి, టీచరమ్మ కొలతకు సరిపోయే చెక్క తల వెతికి, దాని మీద కొత్త వల బిగించాను.