మత్తు అనే మాట

చీమ సిస్టరు మందుల అలమర తాళం తీసి, నొప్పి మందు సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. మందు ఎంతవరకు ఉందో తను చూసింది, పక్కనున్న రెండో నర్సుకూ చూపించింది. ఆ సీసా బయటికి తీస్తే రెండు జతల కళ్ళు ఉండి తీరాలి. అది వార్డు కట్టుబాటు.

చీమ అనేది ఆమె పేరు కాదు. సూది వేసే ముందు ఎవరితోనైనా "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అనడం ఆమె అలవాటు. ఎప్పుడో ఒక ముసలమ్మ, "చీమన్నావు, తేలును వదిలావు కదే తల్లీ" అని అరిచింది. వార్డంతా నవ్వింది. పేరు అతుక్కుపోయింది. మనిషీ అలాంటిదే. బక్కపలచన. ఒకచోట నిలవదు. ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసి పిక్కల మీద నరాలు తాళ్ళలా తేలాయి. ఇంటికెళ్ళి వేన్నీళ్ళలో పాదాలు పెట్టుకుంటుంది గానీ మాత్ర వేసుకోదు. ఊరందరికీ వేసుకోమని చెబుతుంది.

ఇంట్లో ఉన్నది అత్తగారొక్కతే. ఆవిడకు మూర్ఛ. పొద్దున్నే మాత్ర మింగించి, నోరు తెరిపించి, నాలుక కింద వెతికి గానీ కోడలు డ్యూటీకి కదలదు.

"నేనేమన్నా దొంగనా?" అంటుంది అత్తగారు.

"నువ్వు దొరవే అత్తయ్యా, నీ నాలుకే దొంగ."

భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలిన పరాచికం అదొక్కటే.

ఈ వార్డుకు వచ్చినవాళ్ళు నయమై వెళ్ళేది తక్కువ. ఉన్నన్నాళ్ళు నొప్పి లేకుండా చూడడమే ఇక్కడి పని. కిటికీ పక్క మంచంలో ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. జబ్బు వెన్నులోకి పాకింది. పెద్ద ఒళ్ళు కరిగిపోయింది గానీ చేతులు మాత్రం ఇంకా స్టీరింగు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. నొప్పి ఎంతుందో అంకెల్లో చెప్పమంటే ఆయనకు రాదు. గేర్లలో చెబుతాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"టాప్ గేరమ్మా. బ్రేకులు కూడా ఫెయిలు."

నవ్వబోయి పళ్ళు బిగించాడు. చెమట చెవుల్లోకి కారింది.

నిన్ననే మందు తాగాల్సినవాడు. చీమ సిస్టరు మాటే చెడగొట్టింది. మందు చేతికిస్తూ, అందరితో అన్నట్టే, "కాస్త మత్తుగా ఉంటుంది, కంగారుపడకు" అంది. ఆయన నోరు తలుపేసినట్టు మూసుకుంది.

"మత్తయితే వద్దు తల్లీ. మా అమ్మాయి మీద ఒట్టేశాను. తప్పితే దాని తలకు చుట్టుకుంటుంది."

ఒకప్పుడు ఆయన పీకలదాకా తాగేవాడు. ఒకరోజు గుమ్మంలో పడి ఉన్న తండ్రిని దాటుకుని కూతురు బడికి వెళ్ళింది. ఆ సాయంత్రమే ఆ పిల్ల నెత్తిన చెయ్యి పెట్టాడు, ఇక మత్తు ముట్టనని. ఆ పిల్లకిప్పుడు పెళ్ళీడు పిల్లలున్నారు. ఒట్టు చెక్కుచెదరలేదు.

ఇది ఆ మత్తు కాదని ఎన్ని విధాల చెప్పినా వినలేదు. నోట్లోంచి జారిన మాట వెనక్కి రాదు కదా. తువ్వాలు కొరుక్కుంటూనే తెల్లవారింది ఆయనకు.

డాక్టరు వచ్చి చూశాడు. పక్కకు పిలిచి మెల్లగా అన్నాడు. "సూదిమందుగా సెలైన్లో కలిపేద్దాం సిస్టర్. ఆయనకు తెలియదు. ఇలా చూడలేకపోతున్నాను."

ఆమెకూ ఆ ఆలోచన వచ్చింది. తోసేసింది. "ఒళ్ళు ఆయనది, ఒట్టు ఆయనది. దొంగచాటుగా వద్దు డాక్టరుగారూ. కూతుర్ని పిలిపిస్తాను."

కూతురు పిండిమరలో పని మధ్యలోంచి వచ్చింది. కనుబొమల మీద పిండి. సంగతి విని గోడకు ఆనుకుంది.

"ఆ మాటంటేనే నాకు ఆ గుమ్మం గుర్తొస్తుంది సిస్టర్. మళ్ళీ అలవాటు పడితే?"

"అలవాటు పడేంత టైము లేదమ్మా ఆయనకు."

కూతురు తండ్రి మంచం వైపు చూసింది.

"మత్తన్నది నా తప్పు," అంది చీమ సిస్టరు. "నొప్పి అణిగితే నిద్ర పడుతుంది. దానికి ఇన్నేళ్ళూ ఆ మాటే వాడాను."

కూతురు ముఖం తుడుచుకుని మంచం దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, నీ ఒట్టు తీసి గట్టున పెట్టాను."

"చిన్నపిల్లల ఆటా ఇది?"

"వేయించుకున్నది నేను. నా తల, నా ఇష్టం."

ఆయన తువ్వాలు పక్కన పెట్టాడు. "అయితే మందు నువ్వే పొయ్యి."

కూతురు కొలత గిన్నెలో గీత దాకా పోసింది. చీమ సిస్టరు వంగి గీత చూసి తలూపింది.

"ఇంతేనా?" అన్నాడు డ్రైవరు. "నా రోజుల్లో ఇంత సీసా మూతకే అంటుకునేది." తాగి ముఖం చిట్లించాడు. "అబ్బ, చేదు! నా జన్మలో ఇంత చేదు తాగలేదు."

కూతురు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

చీమ సిస్టరు స్టూలు లాక్కుని కూర్చుంది. డ్యూటీలో ఆమె కూర్చోవడం అంతవరకు ఎవరూ చూడలేదు. ఆయన రొమ్ము ఎగసి పడడం చూసింది, కంటిపాపలు చూసింది. కాసేపటికి ఆయన నొసటి ముడత విడిపోయింది. వంగి ఉన్న వేళ్ళు దుప్పటి మీద మెల్లగా చాపుకున్నాయి.

"గేరెంత బాబాయ్?"

"న్యూట్రల్," అన్నాడు.

నీళ్ళడిగి తాగాడు. అన్నం తిన్నావా అని కూతుర్నడిగాడు. తిన్నానని ఆమె అబద్ధమాడింది. చెయ్యి పట్టుకుని నిద్రపోయాడు. ఎండ మంచం దిగి గోడెక్కే వేళకు ఊపిరికీ ఊపిరికీ నడుమ ఎడం పెరిగింది. తర్వాత ఎడమే మిగిలింది.

"నేను పోసినందుకేనా?" అంది కూతురు.

"కాదు తల్లీ. మందు ఎక్కువైతే ముందు నిద్ర ముదురుతుంది, పిలిచినా పలకరు. ఆయన పలికాడు, నీళ్ళడిగాడు, నిన్ను అన్నం తిన్నావా అన్నాడు. ఇది జబ్బు చేసిన పని. నువ్వు నొప్పిని పంపించావు, ఆయన్ని కాదు."

కూతురు తలూపింది. ఏం చెయ్యాలో తోచక పంపు దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది.

ఆమె వెళ్ళిపోయాక చీమ సిస్టరు చేతులు కడుక్కోవడానికి వచ్చింది. పంపు పక్కన గట్టు మీద, తోమి బోర్లించిన కొలత గిన్నె ఆరుతోంది.