జంట బస్సులో చివరి సీటు

డిపోలో అందరూ ఆ డ్రైవరుని నిదానం అని పిలిచేవాళ్ళు. వెనకవాళ్ళు ఎంత హారన్ మోగించినా అతని కాలు తొందరపడేది కాదు. అందుకే రెండు పెట్టెలు కలిపి కుట్టినట్టుండే జంట బస్సు వచ్చినప్పుడు తాళాలు అతని చేతికే ఇచ్చారు. మధ్యలో రబ్బరు మడతల తిత్తి, వెనక తోకలా ఇంకో పెట్టె, దానికి వేరే తలుపు. నిదానం మురిసిపోయాడు. ఇన్నాళ్ళూ తన పొట్టి బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడిన జనమంతా ఇక హాయిగా కూర్చుంటారనుకున్నాడు.

జనం కూర్చుంటేగా! పాత అలవాటు కొద్దీ అందరూ ముందు తలుపు దగ్గరే చేరి తోసుకునేవాళ్ళు. వెనక పెట్టెలో సీట్లు ఈగలు తోలుకుంటూ ఉండేవి. గోరుచుట్టు మీద రోకటిపోటులా, రిటైరైన లెక్కల మాస్టారు ఒక మాట పుట్టించాడు. వంపు తిరిగేటప్పుడు వెనక పెట్టె ఊడి రోడ్డు మీదే ఉండిపోతుందట. మాస్టారంతటివాడు చెప్పాక ఇంకేముంది, రూటంతా నమ్మేసింది.

ఎక్కడానికే బోలెడు సమయం పట్టి బస్సు రోజూ ఆలస్యమయ్యేది. చివరికి డిపో మేనేజరు పిలిచాడు.

"నీ తప్పు లేదయ్యా. కానీ ఇంత బండి ఉండి ఏం లాభం? ఈ వారం చూస్తాను. టైముకి నడవకపోతే దీన్ని వేరే రూటుకి పంపేసి, నీకు మళ్ళీ పొట్టి బండే ఇస్తాను."

నిదానం ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా కూర్చున్నాడు.

"ఏమైందండీ, బస్సు గానీ ఊడిపోయిందా?" అంది భార్య, కుట్టుమిషను ఆపి.

"నవ్వకు. వెనక్కి నడవండి బాబూ అని గొంతు చించుకుంటున్నాను. ఒక్కరైనా కదలరే!"

"ఎందుకు కదులుతారు? మీ అన్నం సంచి రోజూ ఎక్కడ పెడతారు?"

ఏళ్ళ తరబడి నిదానం తన వెనక సీటులో అన్నం సంచి పెట్టి ఆమె కోసం ఆ సీటు ఆపేవాడు. ఆమె ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకుని, తను పనిచేసే బట్టల దుకాణం వచ్చేదాకా కబుర్లు చెప్పేది. ఊఁ కొట్టడం అతని వంతు. అత్తమామలు, పిల్లలు నిండిన ఇంట్లో ఆ మాత్రం తీరిక ఇద్దరికీ ఎక్కడిది?

"సొంత పెళ్ళానికి ముందు సీటు ఆపి, పక్కవాళ్ళని వెనక్కి పొమ్మంటే ఎవరు పోతారండీ? వెనక పెట్టె ఊడుతుందని మీకు ముందే తెలుసనుకోరూ?" అంది ఆమె. "పిల్లి మెడలో గంట ఎవరో ఒకరు కట్టాలిగా. రేపట్నుంచి చివరి సీటు నాది."

"మరి మన కబుర్లో?"

ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆమెకూ బాధగానే ఉంది.

మర్నాడు ఆమె వెనక తలుపులోంచి ఎక్కి, పళ్ళమ్మే ఆవిణ్ణి కేకేసింది. "అక్కా, ఇటు రా! ఇక్కడ కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు!"

పళ్ళావిడ కాసేపు తటపటాయించింది. "ఊడే పెట్టెలో పెళ్ళాన్ని కూర్చోబెట్టేంత కసాయివాడు కాదులే మన నిదానం" అని గంప ఎత్తి లోపల పెట్టింది. ఆమె వెనక ఇద్దరు, వాళ్ళ వెనక పదిమంది. మాస్టారు అందరికన్నా ఆఖర్న, గొడుగుతో నేల పొడిచి చూసుకుని మరీ ఎక్కాడు. రెండు రోజులు తిరిగేసరికి ఆ తిత్తి ఎంత గట్టిదో తనే పక్కవాళ్ళకి పాఠం చెప్పసాగాడు.

వారం చివర మేనేజరు భుజం తట్టి, "బండి నీదేనయ్యా" అన్నాడు.

నిదానానికి సంతోషమే. కానీ మర్నాడు పొద్దున తన వెనక సీటులో ఎవరో ఆవలిస్తుంటే మనసు వెలితిగా అనిపించింది. ఊఁ కొట్టడానికి మాటలేవీ? అలాగే మార్కెట్టు వంపు దగ్గరికి వచ్చాడు. ఇన్నాళ్ళూ అక్కడ పక్క అద్దంలో వెనక చక్రాన్నే చూసుకునేవాడు. ఆ రోజు చూపు కాస్త పైకి పోయింది. తిత్తి మడత పడి, వెనక పెట్టె మెల్లగా అద్దంలోకి తిరిగింది. చివరి కిటికీలో ఆమె! అతను చూస్తాడని ముందే తెలిసినట్టు చెయ్యి ఊపుతూ నవ్వుతోంది.

ఇన్నేళ్ళూ ఆమె అతని వీపు వెనకే కూర్చుంది. మాటలు వినపడేవి, ముఖం ఒక్కసారీ కనపడింది కాదు.

వంపు అయిపోయి బస్సు తిన్నగా సాగగానే ఆ కిటికీ అద్దంలోంచి తప్పుకుంది. ఈ రూటుకి ఇంకో రెండు వంపులుంటే ఏం పోయిందని నిదానం విసుక్కున్నాడు.