గుమ్మటం కింద సుద్దగుర్తు

పొద్దుగాల లేవంగనె ఆగయ్య చేసే మొదటి పని నుదుటికి తువ్వాల కట్టుకునుడు. ముప్పైనాలుగేండ్లు టోపీకి లైటు పెట్టుకొని బొగ్గుబాయి దిగిన మనిషాయన. రిటైరయిన నాడు టోపీ, లైటు రెండూ అప్పజెప్పి ఇంటికొచ్చిండు గని, నుదుటి మీది వెలుగు మాత్రం ఆయన వెంబడే వచ్చింది; దాన్ని కప్పేటందుకే ఆ తువ్వాల. గోదావరిఖనిల ఆ వాడకట్టోళ్లకు అది పెద్ద ముచ్చటేం గాదు. కరెంటు పోతె "కాకా, జర ఇటు తిరుగు" అని పిలుస్తరు. పక్కింటి మక్సూదా సూదిల దారం ఎక్కియ్యాలంటె ఆయన మొఖం ముందటికే వస్తది.

తిరుమల ఉండే గల్లీల నుంచి పోయినప్పుడు మాత్రం తువ్వాల కండ్ల దాక గుంజుకుంటడు. ఎందుకని ఎవ్వలూ అడుగలె. తిరుమల పెనిమిటి రాయమల్లు, ఆగయ్య ఒక్క షిఫ్టుల ఒక్క జాగల పనిచేసిన్రు. ఇరవై రెండేండ్ల కింద బాయిల కప్పు కూలి రాయమల్లు పోయిండు. కప్పు బాగలేదని సుద్దతోని ఇంటు గుర్తు పెట్టిన జాగ కిందనె కూసోని సద్ది తిన్నడని విచారణ కాగితంల రాసిన్రు. చూస్త చూస్త సావు తెచ్చుకున్నడని అందరన్నరు. తిరుమల కూడ అదే అనుకున్నది. మొగని ఫోటో గోడకు పెట్టలె. కొడుకు మాట వినకపోతె "మీ అయ్య లెక్క చెయ్యకు" అని తిట్టేది. నన్నడిగితె సచ్చినోనికి ఇంతకన్న పెద్ద శిక్ష లేదు.

ఇగ గుమ్మటం సంగతి. మూసేసిన బాయి లోపల ఎట్లుండెనో పిల్లలకు చూపియ్యాలని ఊరవతల పెద్ద గుమ్మటం కట్టిన్రు. కుర్చీల వెనుకకు వాలి కూసుంటె నెత్తి మీద, పక్కలకు, వెనుక, ఎటుచూసినా బొమ్మనె. ఆ బొమ్మ తయారుచేసేది అనూహ్య. ఇంజనీరు కామరాజు బిడ్డ. వాళ్లది కోస్తా, పిల్ల పుట్టి పెరిగింది నస్పూర్ క్వార్టర్లల్ల. ఎన్నడూ బాయి దిగలె గనుక దిగినోళ్లను అడిగి చేసుడు పెట్టుకున్నది. అట్ల ఆగయ్య రెండు నెలలు ఆమె కంప్యూటర్ పక్కన కూసున్నడు.

"కప్పుకు ఆపు పెట్టే కర్రలు నిలువుగ ఉంటయి బిడ్డా. నువ్వు వంకర గీసినవేంది?"

"ఇక్కడ వంచి గీస్తేనే అక్కడ నిటారుగా కనిపిస్తాయండీ. గుమ్మటమే వంపు కదా."

"వంకరది చక్కగ కనవడుడు నాకు ఎరుకనే," అన్నడు ఆగయ్య. ఆ పిల్ల నవ్వింది. ఆయన నవ్వలె.

ఇంకోనాడు అనూహ్య అడిగింది. "కప్పు బాగుందో లేదో ఎలా తెలుస్తుందండీ?"

"కర్రతోని కొట్టి చూస్తం. గట్టిగున్న కప్పు ఖంగుమంటది. లోపల పట్టు ఇడిసింది డొల్లగ మోగుతది. అప్పుడు ముందుగాల సుద్దతోని గుర్తు పెట్టాలె. ఆ తర్వాతనె ఆపుకు కర్ర తేవాలె."

"అయితే మన బొమ్మలో ఆ గుర్తు ఎక్కడ పెట్టమంటారు?"

ఆగయ్య తెర దిక్కు వంగిండు. ఎడమ పక్క మూడో వరుస కర్రల నడుమ వేలు పెట్టి చూపిచ్చిండు. రాయమల్లు పోయిన జాగ అది. అనూహ్య అక్కడ తెల్లగ ఇంటు గుర్తు గీసింది.

"ఒక్క మాటండీ. చీకటే మాకు ప్రాణం. లోపల కాస్త వెలుగు పడినా ఎదురుగా ఉన్న బొమ్మంతా వెలిసిపోతుంది. ఆట నడిచేటప్పుడు మీరు తువ్వాల తీయకండి."

"తియ్య బిడ్డా," అన్నడు.

ఆదివారం పొద్దున మొదటిసారి ఆట వేసిన్రు. బాయిల పానాలిడిసినోళ్ల ఇంటోళ్లను కూడ పిలిచిన్రు. తిరుమల వచ్చి ఆగయ్యకు ఒక్క కుర్చీ అవతల కూసున్నది. దీపాలారినయి. నల్లటి గోడలు చుట్టూ లేచినయి, నీళ్లు చుక్క చుక్క కారుతున్న సప్పుడు వచ్చింది. కప్పు నెత్తి మీదికి దిగుతుంటె పాత కార్మికులు తెల్వకుండనె తలకాయ వంచిన్రు. కర్రతోని కప్పు కొట్టిన సప్పుడు ఖంగుమన్నది, మళ్ల ఖంగుమన్నది. మూడోసారి డొల్లగ మోగింది. అప్పుడు కప్పు మీద సుద్దగుర్తు తెల్లగ కనవడ్డది.

"గంత పెద్దగున్నది గుర్తు," అన్నది తిరుమల. చీకట్ల మొగనితోని మాట్లాడుతున్నట్టు మెల్లగ అన్నది. "కండ్లు యాడ పెట్టుకున్నవయ్యా నువ్వు?"

ఆగయ్య చేతులు తువ్వాల మీదికి పోయినయి. ముడి ఊడదీసిండు. నుదుటి వెలుగు పోయి సక్కగ ఆ జాగ మీద పడ్డది. అనూహ్య లెక్క ప్రకారం బొమ్మంతా వెలిసిపోవాలె. కర్రలు ఉన్నయి, బొగ్గు ఉన్నది, కారే నీళ్లు ఉన్నయి. సుద్దగుర్తు ఒక్కటే లేదు.

"చెల్లె, గుర్తు లేకుండె," అన్నడు ఆగయ్య. "కప్పు కొట్టి చూసింది నేనే. డొల్లగ మోగింది. ఆపుకు కర్ర తెద్దామని ఉరికిన. రెండు నిమిషాల పని గదా, వచ్చినంక పెడుదమనుకున్న. కర్ర దొరుకుడు ఆలిస్యమై, నేను వచ్చేసరికి కూలింది. అడిగినోళ్లకు గుర్తు పెట్టిన్నని చెప్పిన. నౌకరి పోతదని భయమైంది. నేను కొట్టినప్పుడు రాయమల్లు ఆడ లేడు, ఆయనకు ఏం తెల్వది చెల్లె. మంచి కప్పేనని కూసున్నడు."

అనూహ్య ఆట ఆపింది. దీపాలు వెలిగినయి. తిరుమల కొంగు చుట్టుకొని లేచింది.

"ఇరవై రెండేండ్లు సచ్చినోన్ని తిట్టిన నేను," అన్నది. అక్కడి నుంచి వెళ్లిపోయింది.

తెల్లారి అనూహ్య ఆ గుర్తు తీసేసింది. ఆగయ్య తువ్వాల కట్టుడు బందు పెట్టి, దర్వాజ కాడ కూసునుడు మొదలువెట్టిండు. తిరుమల కొడుకు వచ్చి కొడ్తడేమో, నలుగురు వచ్చి నిలదీస్తరేమోనని ఎదురుచూసిండు. ఎవ్వలూ రాలె. కరెంటు పోయినా ఎవ్వలూ పిలువలె. మక్సూదా కిటికీ కాడ కూసోని తిప్పలు పడుకుంట సూదిల దారం ఎక్కిచ్చుకున్నది. అట్ల అయిదు దినాలు పోయినయి.

ఆరో దినం పగటీలి మబ్బు పట్టి ఉండె. తిరుమల వచ్చింది. చేతుల పాత చీరె ముక్కల చుట్టిన ఫోటో ఉన్నది. మెట్టు మీద కూసోని ముక్క విప్పింది.

"ఇన్నేండ్లు పెట్టె అడుగున్నది. మొఖం ఆనుతలేదు. జర ఇటు తిరుగు."

ఆగయ్య తిరిగిండు. ఆ వెలుగుల రాయమల్లు కనవడ్డడు, పెండ్లయిన కొత్తల తీయించుకున్న ఫోటో, తల తడిపి దువ్వుకున్నడు. తిరుమల కొంగుతోని అద్దం తుడిచింది. మళ్ల తుడిచింది. ఫోటో దిక్కే చూస్త అడిగింది.

"ఆ దినం తిన్నడా?"

"సగం తిన్నడు చెల్లె. డబ్బ మూత తీసే ఉండె."

తిరుమల తలూపింది. అప్పుడు ఏడ్చింది. ఆగయ్యను మన్నించిన్నని మాత్రం అనలె, ఆ మాట ఆ తర్వాత కూడ ఎన్నడూ అనలె.

"మా ముందటి అర్రల చీకటుంటది," అన్నది లేచి. "వచ్చి మేకు కొట్టు."

ఆ గల్లీల ఆగయ్య తువ్వాల లేకుండ నడిచిండు. తిరుమల ఇంట్ల గోడ మీద వేలు మడిచి కొట్టి చూసిండు, చెవి పెట్టి విన్నడు, ఇంకో జాగల కొట్టి చూసిండు. తిరుమల సుత్తె అందిచ్చింది. ఆయన తీసుకోలె. ముందుగాల సుద్దముక్క ఇయ్యుమన్నడు.