పదిహేడో నంబరు చెయ్యి

నీలం రంగు కుదిరిందని అనసూయ అనుకునేసరికి మధ్యాహ్నం రెండైంది.

గిలకలదిండిలో మూతబడిన ఐసు ఫ్యాక్టరీ అది. కిటికీలకి పరదాలు కట్టించి, పాత వలలు కప్పుకి వేలాడదీసి, వాటిలోంచి ముప్ఫై ప్లాస్టరు చేతులు కిందికి దిగేలా కట్టింది. చూడవచ్చిన జనం వాటి కిందుగా నడవాలి. బందరు రేవులో చేపలమ్మే ఆడవాళ్ళ చేతులే అవన్నీ. ఒక్కోదాని మణికట్టుకి నంబరు చీటీ, పేరు, పేరు చివర 'గారు'.

లైట్లు గుడివాడ సాయికిరణ్‌వి. పెళ్ళి స్టేజీలు వెలిగించి వెలిగించి ఆరితేరినవాడు. పొద్దుటినుంచీ ఇద్దరూ రంగులు మారుస్తూనే ఉన్నారు. ఎరుపు వేస్తే మాంసం కొట్టు గుర్తొచ్చింది. ఆకుపచ్చ వేస్తే రొయ్యల చెరువులో నాచు పట్టినట్టుంది. పసుపు వేస్తే, ఇది పెళ్ళికూతురి మంగళస్నానమండి మేడం అని సాయికిరణే నవ్వాడు. చివరికి నాలుగు మూలల నుంచీ నీలం పోసేసరికి గీతలూ గరుకులూ కరిగిపోయి, చేతులన్నీ నీళ్ళలో తేలుతున్నంత నున్నగా కనబడ్డాయి. అనసూయ ఫోనులో వరసపెట్టి ఫొటోలు తీసుకుంది.

ప్రదర్శన ప్రారంభం రేపే. కానీ ముందు ఆ ఆడవాళ్ళు చూసి సరేననాలి. కాదన్నవాళ్ళ చెయ్యి దింపేస్తానని అచ్చులు తీసిన రోజే మాటిచ్చింది. ఆ షరతు పెట్టింది వీరలక్ష్మి. ముప్ఫై ఏళ్ళుగా గుడివాడలో అనసూయ వాళ్ళింటికి చేపలు తెస్తున్న మనిషి. ఆమె చెయ్యిచ్చిందనే మిగతావాళ్ళూ ఇచ్చారు. ఆమె కాదంటే ముప్ఫై చేతులూ దిగిపోతాయి.

బేరాలు ముగించుకుని రెండున్నరకి వచ్చారందరూ. తలలెత్తి ఆ నీలంలో కాసేపు తిరిగారు. బాగుందన్నారు గానీ, అది చుట్టాలింట్లో కూర బాగుందన్నట్టుంది. రావమ్మ మాత్రం ఉండబట్టలేక, "ఆసుపత్రిలో గ్లౌజులు ఆరేసినట్టున్నాయి గదే. నా చెయ్యేదో నాకే తెలవట్లేదు" అంది. గొల్లుమన్నారు.

వీరలక్ష్మి నవ్వలేదు. "అబ్బాయ్, ఆ నీలం కాస్త తీసెయ్" అంది సాయికిరణ్‌తో. తన ఫోనులో టార్చి వెలిగించి, దగ్గర్లో ఉన్న చేతికి వారగా పట్టింది. "పొలుసు తీశాక ఇంకా ఏవన్నా మిగిలిందేమో చూడాలంటే చేపని పైనుంచి చూస్తే కనపడదండి అమ్మాయిగారూ. ఇలా పక్కనుంచి వెలుగు పడాలి."

పక్కవెలుగు పడగానే ప్లాస్టరు లేచి కూచుంది. కత్తిపీట గాట్లు, ఐసు కొరికిన పగుళ్ళు, గంప మోసి కాయలు కాసిన అరచేతులు. ఇది నాదంటే ఇది నాదని ఆడవాళ్ళు టార్చీలు పట్టుకుని ఎగబడ్డారు. పన్నెండు రోజులుగా తను వెతుకుతున్న వెలుగు ఇదేనని అనసూయకి ఒక్క క్షణం ఒళ్ళు పులకరించింది.

ఆ సంబరం పదిహేడో నంబరు దాకానే.

చీటీ మీద 'వీరలక్ష్మి గారు' అని ఉంది. వీరలక్ష్మి టార్చి అటు తిప్పింది, ఇటు తిప్పింది. రావమ్మ కూడా వచ్చి తొంగి చూసింది. ఆ చేతికి చిటికెనవేలు తిన్నగా, పొడుగ్గా, గోరుతో సహా ఉంది. ఆ గోరు చెక్కింది అనసూయే. ఇప్పుడామె కళ్ళు టార్చి పట్టుకున్న చేతి మీదికి వెళ్ళాయి. చిటికెనవేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయి, గుండ్రంగా మూసుకుపోయి ఉంది.

పళ్ళ డాక్టర్లు వాడే గులాబీ పిండిలో చెయ్యి ముంచి తీసిన అచ్చులవి. వేలి కొసల్లో గాలి నిలిస్తే ప్లాస్టరు చేరక కొస లేకుండా వస్తుంది. అలా వచ్చిన ఏడెనిమిది చేతులకి అనసూయ పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, వేళ్ళు పూర్తి చేసింది. ఇదీ వాటిలో ఒకటనుకుంది. ఆ రోజు పిండి గట్టిపడేదాకా ఆ మణికట్టు పట్టుకుని కూచుంది తనే. పట్టుకుని కబుర్లు చెప్పింది.

"పోన్లెండి. డాక్టరు తీసిందాన్ని మీరు పెట్టారు" అంది వీరలక్ష్మి. ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు.

ఎప్పుడు పోయిందని అడక్కుండా ఉండాల్సింది. అడిగింది.

"జెల్ల చేప ముల్లు గుచ్చుకుని చీము పట్టిందండి. మీ పదో తరగతప్పుడు నెల్లాళ్ళు రాలేదు చూడండి, అప్పుడు."

ఆ నెల అనసూయకి గుర్తుంది. వీరలక్ష్మికి నిక్కు ఎక్కువైందని అమ్మ ఇంకొకామె దగ్గర చేపల వాడిక పెట్టింది. తిరిగొచ్చిన వీరలక్ష్మి గేటు దగ్గర చాలాసేపు బతిమాలింది. మళ్ళీ ఎప్పటిలాగే గుమ్మంలో పళ్ళెం, పళ్ళెంలో చేప, చేప ఇచ్చాక చేతులు కడుక్కోమని అమ్మ చెంబుతో అంతెత్తు నుంచి పోసే నీళ్ళు. ఇంట్లో అందరూ చేప మొప్పలెత్తి చూసేవారు, కళ్ళు చూసేవారు. పళ్ళేనికవతలున్న చేతిని మాత్రం ఎవరూ చూసింది లేదు.

"ఆ వేలు విరగ్గొట్టేస్తాను" అంది అనసూయ.

"విరగ్గొడితే విరిగిన వేలవుద్దండి. నాది అది కాదు గదా."

అనసూయ నిచ్చెనెక్కి చెయ్యి దింపింది. ఖాళీ ఉచ్చు ఊగుతోంది. దాని మీద ఒక్క లైటు వేస్తే ఎంత బాగుంటుందో అనిపించింది. అనిపించిందని తెలిసి ముఖం భగ్గుమంది.

"ఖాళీదాని మీద స్పాట్ వేస్తే అదిరిపోద్ది మేడం" అన్నాడు సాయికిరణ్ కింది నుంచి. కసురుదామనుకుంది. ఏ మొహంతో?

వీరలక్ష్మి గోడవార స్టూలు మీద కూచుని కొంగు దోపుకుంది. "పిండి ఉందా? నాలుగింటికి బోట్లొస్తాయి, వేలంపాటకెళ్ళాలి. ఈసారి చూసి తియ్యండి. వేలున్న చేతికి నా పేరు రాస్తే రేపు నా మనవలు కూడా నమ్మరు."

అనసూయ బకెట్లో పిండి కలిపింది. లైటు పక్కనుంచి పడేలా పెట్టి ఆ చేతిని ఎత్తి చూసింది. వేలి చివర కుట్లు పడ్డ చోట చర్మం సంచి మూతిలా ముడుచుకుని ఉంది. ముఖం వైపు తలెత్తలేకపోయింది. చేతిని పిండిలో ముంచాక, అది గట్టిపడేదాకా ఈసారి ఆ మణికట్టునే చూస్తూ కూచుంది.

అచ్చు ఊడాక చేతికంటుకున్న పిండి కడగబోతే వీరలక్ష్మి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దులెండి. పైనుంచి పొయ్యండి చాలు, నేను కడుక్కుంటా."

అనసూయ మగ్గెత్తి పోసింది. ఎంతెత్తు నుంచి పొయ్యాలో ఆమె చేతికి ముందే తెలుసు.