గొట్టంలో గొట్టం

నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధమేం కాదు. కానీ ఆ కోపం ఊరికే రాదు. ఎవరైనా "చూశాంలే, బాగానే ఉంది" అన్నప్పుడే వస్తుంది. చూశాంలే అన్నవాళ్లలో సగంమంది చూసి ఉండరు.

మా బావ, అంటే మేనత్త కొడుకు, నేనూ ఒకే కంపెనీలో పనిచేస్తాం. ఆసుపత్రి మంచాలు, చక్రాల కుర్చీలు తయారుచేసే కంపెనీ. కిటికీ పక్క సీటు అతనిది. ఏసీ గాలి సరిగ్గా నెత్తిన కొట్టే సీటు నాది. బావ కంప్యూటర్లో వస్తువులు గీస్తాడు. నేను వాటిని నా సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇంపోర్ట్ చేసుకుని, బరువు వేసి, ఎక్కడ వంగుతాయో ఎక్కడ విరుగుతాయో చూస్తాను. "నా మీద కక్ష తీర్చుకోవడానికే నీకు జీతమిస్తున్నారు" అంటాడు. "మరి ఊరికే ఇస్తారా?" అంటాను.

ఈసారి అతను గీసింది మామూలు వస్తువు కాదు. పక్షవాతంతో ఎడమపక్క పడిపోయినప్పటి నుంచి అత్త లేచి నిలబడలేదు. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి బావే ఎత్తుకుని తీసుకెళ్తాడు. అతను ఆఫీసులో ఉన్నంతసేపూ ఆవిడ మంచం మీదే. మామయ్యకు అంత బలం చాలదు. ఓసారి ఎత్తబోయి ఇద్దరూ కింద పడ్డారు. అందుకే బావ ఈ లిఫ్ట్ గీశాడు. కింద చక్రాలు, వాటి మీద నిలువు స్తంభం, స్తంభం పైనుంచి ముందుకు చాచిన చెయ్యి, ఆ చెయ్యికి వేలాడే పట్టీల కుర్చీ. హ్యాండిల్ తిప్పుతుంటే స్తంభం పొడవు పెరిగి చెయ్యి పైకి లేస్తుంది, వదిలేస్తే ఎక్కడిదక్కడే ఆగుతుంది. కంపెనీ ఒక నమూనా తయారుచేయడానికి ఒప్పుకుంది. అందులో మొదట ఎక్కేది అత్తే.

ఆ రోజు పొద్దున్నే ఫైలు పంపి, నా టేబుల్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"మధ్యాహ్నానికల్లా వెల్డింగ్ మేస్త్రికి ఇచ్చేయాలి. కాస్త తొందరగా కానివ్వవే."

ఇంపోర్ట్ చేశాను. మామూలుగా బావ ఫైళ్లలో ఏదో ఒక అంచు కలవకుండా పళ్లికిలిస్తూ ఉంటుంది. ఈసారి అదీ లేదు. అత్త బరువుకు మూడింతలు వేశాను. చెయ్యి బెసకలేదు. రంగులన్నీ నీలం. నా సాఫ్ట్‌వేర్‌లో నీలమంటే నిశ్చింత, ఎరుపంటే ఏడుపు.

"చూశావా? నీకు పని లేకుండా చేశాను," అన్నాడు కాలరెగరేస్తూ. "ఇక రిపోర్టు ఇచ్చేయ్."

"ఆగు. తూకం చూడలేదింకా."

ఇంపోర్ట్ అయిన ప్రతి వస్తువునీ నేను తూస్తాను. అతని ఫైల్లో బరువెంత, నా దగ్గరికొచ్చాక ఎంత? సాఫ్ట్‌వేరే లెక్కకట్టి చెబుతుంది, నిమిషం పని. ఇస్త్రీకిచ్చిన బట్టలు ఇంటికొచ్చాక లెక్క చూసుకోమా? అలాగన్నమాట. నిజానికి అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని. బావ నెత్తిన కూర్చోవడంతో ఆ రోజు వెనకబడింది.

చెయ్యి రెండు కిలోలు ఎక్కువ తూగింది.

"రెండు కిలోలేగా! లోహం రకం వేరేది పెట్టుంటావ్."

"అలాగైతే అన్ని ముక్కలూ బరువెక్కాలి. ఈ చెయ్యి ఒక్కటే ఎందుకెక్కింది?"

"అమ్మ రోజూ అడుగుతోందే, ఎప్పుడొస్తుందిరా అని. నీకేమో ప్రతిదానికీ అనుమానం."

"అనుమానమే. ఎక్కేది మీ అమ్మే కాదు, మా అత్త కూడా. తూకం తేలేదాకా రిపోర్టు లేదు, ఏమీ లేదు."

బావ ఒంటికాలి మీద లేచాడు. పక్క సీట్లవాళ్లు తలలెత్తి చూశారు. నేను పట్టించుకోలేదు. చెయ్యిని అడ్డంగా కోసి చూపించమని సాఫ్ట్‌వేర్‌ని అడిగాను. గొట్టాన్ని కోస్తే ఒక వలయం కనబడాలి. రెండు కనబడ్డాయి. గొట్టం లోపల ఇంకో గొట్టం, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

"బావా, ఇదేంటి?"

వంగి చూశాడు. "అది మొదట్లో పెట్టానే. బరువైపోతోంది, నాన్న తోయలేడని తీసేశాను," అన్నాడు.

"తీసేశావా, కనబడకుండా చేశావా?"

తల గోక్కున్నాడు. తీసేయలేదు. కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చులే అని దాచిపెట్టాడు. అతని స్క్రీన్ మీద అది మాయమైంది, అతని తూకంలోంచీ మాయమైంది. మేస్త్రికి వెళ్లే డ్రాయింగులోనూ ఉండదు. కానీ ఫైల్లో మాత్రం ఉంది, ఇంపోర్టులో అన్నిటితోపాటు వచ్చేసింది. రెండూ తగులుతున్నాయి కదా అని నా సాఫ్ట్‌వేర్ తనంతట తానే వాటిని అతికించేసింది కూడా. ఇప్పటిదాకా మేం చూసి మురిసిపోయిన నీలమంతా ఎవరూ తయారుచేయని గొట్టం చలవే.

దాన్ని తీసేసి మళ్లీ బరువు వేశాను. మూడింతల దాకా వెళ్లక్కర్లేకపోయింది. అత్త ఒక్కమనిషి బరువుకే, చెయ్యి స్తంభానికి అతికే చోట ఎర్రగా మండింది. బావ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"అమ్మని పడేసేవాణ్నే," అన్నాడు.

తిట్టాలనిపించలేదు. వీపు మీద ఒక్కటి చరిచాను.

"పడేయలేదుగా! లే, ఇటు చూడు. ఎరుపు ఎంతమేరకుంది? జానెడు. మిగతా చెయ్యంతా నిక్షేపంలా ఉంది. ఆ మాత్రానికి కొస నుంచి కొస దాకా గొట్టమెందుకు? అతుకు దగ్గర లోపల ఓ జానెడు ముక్క పెట్టు. మోచేతి దగ్గర చిరిగితే చొక్కా అంతటికీ మాసికేస్తామా?"

మొహం తుడుచుకుని లేచాడు. గీశాడు. ఈసారి దాచినవన్నీ నిజంగానే తీసిపారేసి పంపాడు. ఇంపోర్ట్ చేసి ముందు తూచాను. గ్రాము తేడా లేదు. మూడింతలు వేశాను. నీలం. లోపల పూర్తి గొట్టమున్న మొదటి డిజైన్ కన్నా తేలిక, మామయ్య ఒక్కడే తోసుకోవచ్చు. "లోపల ముక్క మర్చిపోకు మేస్త్రీ," అని బావ ఫోన్లో ఎన్నిసార్లు చెప్పాడంటే, మేస్త్రి విసుక్కుని పెట్టేశాడు.

నమూనా ఇంటికొచ్చిన రోజు మొదట నేనెక్కి కూర్చున్నాను. "నా బండి నువ్వెక్కావేంటే?" అంది అత్త. "నీకన్నా బరువైనదాన్ని కదా, నన్ను మోస్తే నిన్ను మొయ్యదా?" అన్నాను. మామయ్య హ్యాండిల్ తిప్పాడు. చెయ్యి కిమ్మనలేదు. నాకు అనుమానమూ లేదు.

తర్వాత అత్తకి పట్టీలు బిగించాం. బావ నేలమీద మోకాళ్లూని చక్రాలు కదలకుండా పట్టుకున్నాడు. మామయ్య తిప్పుతుంటే అత్త మంచం మీంచి మెల్లగా లేచింది. కొడుకు ఎత్తుకోకుండా లేచింది. ఇన్నాళ్లూ ఆవిడ తలెత్తి చూసిన కొడుకు ఇప్పుడు ఆవిడ పాదాల దగ్గర, కిందున్నాడు.

అత్త కిందకి చూసింది.

"ఒరేయ్, నడినెత్తిన జుట్టంతా ఏమైందిరా?"

నేను పకపకా నవ్వాను. బావ సిగ్గుపడి తలెత్తబోయాడు.

"ఉండరా, కదలకు," అంటూ అత్త బాగున్న చెయ్యి చాచి, ఆ పల్చబడ్డ చోట అరచెయ్యి ఆనించింది. "నన్ను మోస్తూ మోస్తూ పెద్దవాడివైపోయావురా. నేను చూడనే లేదు."

బావ తలెత్తలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. మామయ్య హ్యాండిల్ వదిలేసి కళ్లు ఒత్తుకున్నాడు. చాలాసేపటి దాకా దింపమని అత్త అనలేదు, దించుదామని మేమూ అనలేదు.