నలభై గంపల చౌడు

మట్టిమిద్దె ఉన్నవాళ్లు ఎవరు అడిగినా నేను ఒకటే చెప్తాను. వానలకు ముందు పైన కొత్త చౌడు మన్ను పోయించుకోండి, తప్పులేదు. కానీ పోసే ముందు పాతది గీకి కిందికి దించండి. దించకపోతే ముప్పై ఏళ్లకు మీ నెత్తిన మోకాలెత్తు మన్ను చేరుతుంది. అది వాన తాగితే దూలం ఎన్నాళ్లు మోస్తుంది? ఒక ఇనుప చువ్వతో దూలం కొసను పొడిచి చూడండి. గోడలోకి దిగిన చోటే చెద ముందు పడుతుంది. చువ్వ దిగబడితే ఆ గదిలో పడుకోవద్దు. ఇంత చెప్తే తల ఊపి వెళ్లిపోతారు. వానొచ్చినప్పుడు గానీ మా ఊళ్లలో ఎవరికీ మిద్దె గుర్తు రాదు.

నా పేరు నబీ రసూల్. వేంపల్లెలో ఇళ్లు కట్టే బేల్దారి మేస్త్రిని. నా మాట విన్నవాడు ఒక్కడున్నాడు, గురప్ప. గొర్లు మేపుకుంటూనే నాలుగెకరాల చీనీతోట పెట్టినవాడు. వాళ్ల ఊరు వేంపల్లెకు మూడు మైళ్లు. ఆయన ఇంట్లో చువ్వ మూడు వేళ్ల లోతు దిగింది. చూసి గతుక్కుమన్నాడు. నెల తిరక్కుండా పులివెందుల వెళ్లి, ఇల్లూ స్థలమూ ఒక ఇంటి లోన్ల కంపెనీకి తాకట్టు పెట్టాడు. పాత మిద్దె తీసేసి స్లాబు వేయడానికి ఆరు లక్షలు. అందులో మొదటి విడత రెండు లక్షలే ఇచ్చారు. కప్పు తీసేసిన గోడల ఫోటో పంపితేనే రెండో విడత.

"కంతు ఎప్పట్నుంచి కట్టాల్నో అడిగినావా మామా?" అన్నాను.

"పని అయినాక గదా నబీ, అడిగేదేముంది!" అన్నాడు.

అడగాలి. పని మొదలుకాకముందే, మరుసటి నెల నుంచే అప్పు కంతు మొదలైంది.

కమ్మీలు, సిమెంటు దించుకున్నాం. మిద్దె విప్పడానికి ఒక గురువారం అనుకున్నాం. ఇద్దరు కూలీలతో, గడ్డపారలతో పొద్దున్నే వెళితే గురప్ప భార్య అంకమ్మ గడపలో నిలబడి ఉంది.

"గడ్డపార కింద పెట్టు నబీ. లచ్చిమిప్రియకు నెల తప్పింది."

లక్ష్మీప్రియ ఆమె కోడలు, కొడుకు వెంకటకృష్ణ భార్య. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే కప్పూ గోడా పగలగొట్టరు. అది నాకు తెలియనిది కాదు. అయినా నోరు ఊరుకోదు కదా.

"అత్తా, దూలం పుచ్చిపోయింది. ఆచారం దూలాన్ని మోస్తాదా?"

ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"నా తొలిసూలప్పుడు ఈడ కిటికీ పెట్టల్లని మా మామ గోడ పగలగొట్టించినాడు. ఏడో నెల. మూడో పొద్దుకే సచ్చిన బిడ్డను కన్నా. ఆ గడ్డపార సప్పుడు ఇప్పుటికీ నా సెవుల్లోనే ఉంది నాయనా. ఈ బిడ్డ బయటపడనీ, నేనే వచ్చి నీకు గడ్డపార అందిస్తా."

కూలీలను వెనక్కి పంపేశాను. ఆ కథ విన్నాక ఎవడైనా అదే చేస్తాడు. అక్కడిదాకా నా తప్పు లేదు.

జూన్‌లో మబ్బులు పట్టాక అంకమ్మ మళ్లీ పిలిపించింది. ఇల్లు కారకుండా ఈ ఒక్క ఏడాదికి చౌడు పోయాలట. సరే, పాతది గీకేస్తానని నిచ్చెన సగం ఎక్కాను.

"గీకొద్దప్పా! పార తగిలినా పగలగొట్టినట్టే గదా. ఊరికే పైన పొయ్యి."

నాకు ఒళ్లు మండింది. "ఇంకా బరువెత్తితే ఇరుగుతాది అత్తా. నేను పొయ్యను" అని నిచ్చెన దిగాను. గురప్ప నా భుజం పట్టుకుని గొడ్ల గాడి దగ్గరికి తీసుకుపోయాడు.

"ఆడమనిషిని ఇంకోసారి ఏడిపీలేను నబీ. నువ్వు కాదంటే ఇంకోణ్ణి పిలుస్తాది. నువ్వే పొయ్యి."

ఇంకొకడు పోస్తే అధ్వానంగా పోస్తాడని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వారం చేతిలో పని లేదన్నది కూడా నిజమే. నిచ్చెన ఎక్కాను. నలభై గంపలు పోశాను. దిగాక దూలం నడిమికి ఒక ఊతకర్ర నిలబెట్టాను. పుచ్చింది కొసలో అయితే నడిమికి ఊతం పెట్టి ఏం లాభమో నాకు తెలుసు. ఊరికే చేతులు దులుపుకోవడానికి పెట్టాను.

అక్టోబరులో లక్ష్మీప్రియ పురిటికి జమ్మలమడుగు, పుట్టింటికి వెళ్లింది. ఆ కబురు తెలిసిన రోజే పరుగున పోయాను.

"ఇప్పుడు ఇంట్లో సూలాలు లేదు గదా అత్తా. పది దినాల్లో ఇప్పేస్తా."

"యాడుంటే ఏంది? అది ఈ ఇంటి కడుపే గదప్పా. ఇంక నెలన్నర."

వసారాలో సిమెంటు బస్తాలు తేమకు గట్టిపడి బండలైపోయాయి. వాటి మీదే కూర్చుని గురప్ప కంతు కట్టిన రసీదు మడత పెట్టుకుంటున్నాడు.

నవంబరులో ముసురు పట్టింది. నాలుగు రోజులు వదల్లేదు. ఐదో రోజు పొద్దున తొమ్మిదింటికి నేను అదే ఊళ్లో మరో ఇంట్లో బండలు పరుస్తున్నాను. దబ్బుమని శబ్దం. ఎక్కడిదని ఎవరినీ అడగలేదు, గడ్డపార తీసుకుని ఉరికాను.

గొర్లదొడ్డి చూసుకుని తడిసి వచ్చిన గురప్ప, లోపల మంచం మీద నడుం వాల్చాడట. అంకమ్మ దొడ్లోనే ఉండిపోయి బతికింది. కొడుకు జమ్మలమడుగులో భార్య దగ్గర ఉన్నాడు. దూలం గోడ దగ్గరే విరిగింది. నా ఊతకర్ర నిలువునా అలాగే ఉంది.

ఆ ఇంట్లో ఆ పొద్దు ఆరు గడ్డపారలు ఆడాయి. జమ్మలమడుగులో లక్ష్మీప్రియ ఇంకా నిండు చూలాలే. అంకమ్మ ఎవరినీ వద్దనలేదు. "తవ్వండప్పా, బిరీన తవ్వండి" అని అరుస్తూ చేతులతో బురద లాగుతూనే ఉంది. పైన నేను పోసిన తెల్ల చౌడు, దాని కింద ఏటేటా ఎవరెవరో పోసిన చౌడు, అంతా ముద్దై ఆయన మీద ఉంది. రెండు గంటలు తవ్వాం. గురప్ప ప్రాణాలతో బయటికి రాలేదు.

ఎనిమిదో రోజు లక్ష్మీప్రియకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బాగుంది.

కర్మలు అయ్యాక కంపెనీ నుంచి నాగేంద్ర అనే అబ్బాయి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, చెప్పులు బయట విడిచే వచ్చాడు. గోడలను నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకున్నాడు.

"కప్పు తీసేసినట్టే కాబట్టి, మీ అబ్బాయి సంతకం చేస్తే రెండో విడత వస్తుందమ్మా" అని మెల్లగా చెప్పాడు. కొడుకు వెంకటకృష్ణ తల వంచుకుని సంతకం చేశాడు.

స్లాబు పని నాకే ఇచ్చారు. మొదటి రోజు వెళితే అంకమ్మ అన్న మాట ప్రకారం గడ్డపార తెచ్చి నా చేతికి అందించింది. అందించి వదల్లేదు, పట్టుకునే ఉంది.

"నేనైతే భయంతో మొండికేసినా. నీకు తెలుసు గదా నబీ, అది ఇరుగుతాదని. ఆ పొద్దు నిచ్చెన దిగినోనివి అట్నే ఎల్లిపోయింటే, నేను ఇంకో బేల్దారిని పిలిచిండేదాన్ని గాదు. నీ మాట మీదికే వచ్చిండేదాన్ని. మళ్లా ఎందుకెక్కినావు నాయనా?"

గడ్డపార ఇద్దరి చేతుల్లోనూ అలాగే ఉంది.