బలిచక్రవర్తి ఎత్తెంత?

కెనడాలోని కిచెనర్‌లో మేపుల్ ఆకులు అలా రంగు తిరగడం మొదలుపెట్టాయో లేదో సీతారామారావు గారి ఫోను వచ్చింది. యోగానంద్ ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపి, మోగుతున్న ఫోను వంక కాసేపు గుర్రుగా చూశాడు. ఎత్తకపోతే సాయంత్రం ఆ మనిషి ఇంటికే వచ్చేస్తాడు. ఎత్తాడు.

"ఏమబ్బాయ్, గొడుగు దుమ్ము దులిపావా?"

అంతే. కుశల ప్రశ్నలు లేవు, వేస్తావా అన్న మాట లేదు. దీపావళికి తెలుగు సంఘం సంబరాలు ఉంటాయి, సంబరాల్లో సీతారామారావు గారి వామనావతార నాటకం ఉంటుంది, నాటకంలో యోగానంద్ వామనుడై ఉంటాడు. సూర్యుడు తూర్పున పొడవడం లాంటిదది.

సీతారామారావు గారు అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చి స్థిరపడ్డ మనిషి. నాటకం రాసిందీ, పద్యాలు కట్టిందీ, శుక్రాచార్యుడి వేషం కట్టేదీ ఆయనే. ఇక యోగానంద్ నాలుగడుగుల మనిషి. పుట్టుకతోనే ఎముకలు ఎదగని తత్వం. నలభై దాటాయి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటాబేసులన్నీ అతని చేతిమీదుగానే నడుస్తాయి. అయినా ఏడాదికోసారి నామం పెట్టుకుని, తాటాకు గొడుగు పట్టుకుని, పసివాడి గొంతు తెచ్చుకుని మూడడుగుల నేల అడగక తప్పదు.

అడగడం గురించి కాదు అతని మంట. దానం పుచ్చుకున్నాక జరిగేదాని గురించి. బలి చేతిలో నీళ్లు వదలగానే స్టేజీ మీద లైట్లు ఆర్పేస్తారు. ఇద్దరు వాలంటీర్లు చీకట్లో వచ్చి యోగానంద్‌ను రెక్క పట్టుకుని తెర వెనక్కి లాగేస్తారు. నీలం లైటు వెలిగేసరికి బల్ల మీద ఆరడుగుల రెండంగుళాల మహీధర్ త్రివిక్రముడై నిలబడి ఉంటాడు. మహీధర్‌ది కరీంనగర్, ఇక్కడ ఇళ్లు అమ్మిపెడతాడు. అతన్ని చూసి హాలంతా ఈలలు, చప్పట్లు. యోగానంద్ మాత్రం మడత కుర్చీల మధ్య, కూల్‌డ్రింకు పెట్టెల పక్కన నిలబడి, ఆ చప్పట్లు తెర అవతల నుంచి వింటాడు.

"దేవుడు చిన్నగా ఉన్నంతసేపే నాతో పని. పెద్దవాడు కాగానే నన్ను ఈడ్చేస్తారు," అని ఒకసారి భార్య మధుమితతో అన్నాడు.

"అయితే మానెయ్."

మానేస్తే బాగుండేది. కానీ మొహమాటం పాడు జబ్బు; ఒకసారి పట్టుకుంటే ఏళ్ల తరబడి వదలదు. ఆ రోజు కూడా "మీటింగుంది బాబాయ్ గారూ, మళ్లీ మాట్లాడతా" అని ఫోను పెట్టేశాడు గానీ, కుదరదని అనలేకపోయాడు.

మీటింగేమీ లేదు. గురువారం మధ్యాహ్నాలు అతని టీము భోజనాల బల్ల దగ్గర చేరి బొమ్మలతో ఒక ఆట ఆడుతుంది. సంచీలో మంత్రగాళ్లు, విలుకాళ్లు, యోధులు, రకరకాల బొమ్మలుంటాయి. ఎవరు పంచినా సరే, గడ్డమూ గొడ్డలీ ఉన్న మరుగుజ్జు బొమ్మ తిన్నగా యోగానంద్ ముందుకే వచ్చి వాలుతుంది. మంత్రగాడు కావాలని రెండుసార్లు అడిగి చూశాడు. "నీకు ఇదే కుదురుతుంది" అని నవ్వారు తప్ప ఇవ్వలేదు.

పొద్దున్న గొడుగు, మధ్యాహ్నం గొడ్డలి. ఆ రోజు బొమ్మను తీసి బల్ల మీద టక్కున పెట్టాడు.

"అసలెవరు వీళ్లు? ఈ గడ్డాలు, గొడ్డళ్లు, తాగుడు, ఇదంతా వీళ్లకు ఎవరు అంటగట్టారు?"

అతను కోపంతో అడిగిన ప్రశ్న అది. కానీ క్రిస్టీన్ దాన్ని నిజం ప్రశ్నే అనుకుంది. క్రిస్టీన్ యోహాన్సన్ అతని పక్క సీటులో పనిచేస్తుంది. మానిటోబా నుంచి వచ్చింది. ఆమె పూర్వులు ఐస్‌లాండ్ నుంచి వచ్చినవాళ్లు. చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర ఈ కథలు విందట.

"మొదట్లో వీళ్లు పురుగులు," అంది.

"బాగుంది. చెప్పు."

"ఒక మహాకాయుణ్ణి దేవతలు చంపి, ఆ శవంతో లోకాన్ని చేశారు. మాంసంలో పురుగులు పుట్టాయి. దేవతలు వాటికి బుద్ధీ, మనిషి రూపమూ ఇచ్చారు. వాళ్లే మరుగుజ్జులు. ఆ మహాకాయుడి పుర్రెతో ఆకాశం చేస్తే, దాన్ని నాలుగు దిక్కులా నలుగురు మరుగుజ్జులు మోస్తున్నారు. వాళ్ల పేర్లే దిక్కుల పేర్లు."

మన దిగ్గజాల ఉద్యోగం అన్నమాట అనుకున్నాడు యోగానంద్. అయినా కోపం తగ్గలేదు. "తర్వాత?"

"కొలిమి పనిలో వాళ్లను మించినవాళ్లు లేరు. ఉరుముల దేవుడి సుత్తి చేసింది బ్రోక్, సింద్రి అనే అన్నదమ్ములు. వాళ్లతో పందెం కాసిన టక్కరి దేవుడు ఒకడు ఈగ రూపంలో వచ్చి, తిత్తి ఊదుతున్నవాడి కనురెప్ప మీద కుట్టాడు. కంట్లోకి నెత్తురు కారి, తుడుచుకోవడానికి ఒక్క క్షణం చెయ్యి ఆపాడు. దాంతో ఆ సుత్తి పిడి పొట్టిదైపోయింది."

"ఆఖరికి పనిముట్టు కూడా పొట్టిదేనా!"

క్రిస్టీన్ నవ్వలేదు. "అల్విస్ అని ఇంకొకడున్నాడు. అన్నీ తెలిసినవాడు. ఉరుముల దేవుడి కూతుర్ని చేసుకోవడానికి వచ్చాడు. తండ్రికి ఇష్టం లేదు. కాదని నోటితో అనకుండా ప్రశ్నలు వేశాడు. భూమిని ఏ లోకంలో ఏమంటారు, మబ్బుని ఏమంటారు, గాలిని ఏమంటారు... ఒక్కటి కూడా తప్పకుండా చెప్పాడు అల్విస్. చెబుతూ ఉండగానే తెల్లవారింది. ఎండ పడితే వాళ్లు రాయైపోతారు."

యోగానంద్‌కి గుంటూరులో తన పెళ్లిచూపులు కళ్ల ముందు కదిలాయి. మధుమిత తండ్రి అడగని ప్రశ్న లేదు. జీతం, కెనడాలో ఉండిపోవడానికి పీఆర్ కార్డు, డాక్టరు రిపోర్టులు, కారు నడపగలవా, పిల్లల సంగతేమిటి. పెడల్స్‌కి ఎక్స్‌టెన్షన్లు బిగించుకుని నడుపుతానని కూడా ఓపిగ్గా చెప్పాడు. అన్నీ విని ఆ పెద్దమనిషి, "ఆలోచించుకుని చెబుతాం బాబూ" అన్నాడు. లోపలి గదిలోంచి మధుమిత వచ్చి "నేను ఆలోచించేశాను నాన్నా" అనకపోయి ఉంటే తనూ అక్కడే రాయై ఉండేవాడు.

"ఇంతకీ వీళ్లు ఎందుకు పొట్టిగా పుట్టారట?" అన్నాడు, ఈసారి గొంతు కాస్త తగ్గించి.

"అదే తమాషా. అమ్మమ్మ చెప్పిన పాత కథల్లో వాళ్లు పొట్టివాళ్లని ఎక్కడా గట్టిగా లేదు. కొండల్లో ఉంటారు, పనిమంతులు, మొండివాళ్లు, అంతే. పొట్టితనం తర్వాత చెప్పినవాళ్లు తగిలించారు. ఒకసారి తగిలించాక ఇక ఊడలేదు."

యోగానంద్ మరుగుజ్జు బొమ్మను తీసి సంచీలో వేసేశాడు. తర్వాత లేచి కారు దగ్గరికి వెళ్లి ఫోను చేశాడు.

"బాబాయ్ గారూ, ఈసారి బలి ఎవరు?"

"అదే తలనొప్పి. శ్రీరామ్ ఉద్యోగం మారి ఎడ్మంటన్ వెళ్లిపోయాడుగా. వెతుకుతున్నా."

"వెతక్కండి. నేనేస్తా."

సీతారామారావు గారు గొంతు పెంచారు.

"బలి అంటే చక్రవర్తి, అబ్బాయ్! ముల్లోకాలూ ఏలినవాడు. ఆకారం ఉండొద్దూ?"

"బలిచక్రవర్తి ఎత్తెంతో ఎక్కడైనా ఉందా? ఉంటే చెప్పండి, ఇప్పుడే మానేస్తా."

"ఉండటానికి... ఎక్కడా లేదనుకో. కానీ జనం నవ్వుతారయ్యా."

"ఇన్నేళ్లూ ఏడ్చారా?"

"నీ మంచికే చెబుతున్నా."

"నా మంచి నేను చూసుకుంటా బాబాయ్ గారూ. బలి అయితే వేస్తా. లేదంటే అసలు వెయ్యను."

ఇన్నేళ్ల తర్వాత నోట్లోంచి ఆ మాట ఊడిపడింది.

వేరే గతిలేక సీతారామారావు గారు ఒప్పుకున్నారు. వామనుడి వేషం ఆయన మనవరాలు ధాత్రికి పడింది. మూడో తరగతి పిల్ల. ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో రిహార్సల్ మొదలైన రోజే యోగానంద్‌ను ఎగాదిగా చూసి, "తాతా, హీ ఈజ్ మై హైట్!" అంది.

"నీకంటే రెండంగుళాలు ఎక్కువే," అన్నాడు యోగానంద్.

"వై ఆర్ యూ సో యాంగ్రీ, అంకుల్?"

"చక్రవర్తులు అలాగే ఉంటారు."

ఆ పిల్లతో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా మహీధర్‌తోనే. మూడో అడుగు దగ్గర బలి మోకరిల్లి తల వంచుతాడు. బల్ల మీంచి మహీధర్ ఆ తల మీద పాదం మోపాలి. శ్రీరామ్ తల మీద ఏటా నిక్షేపంగా మోపినవాడే. ఇప్పుడు మాత్రం కాలు గాల్లో ఊపి, నేల మీదికి దించేసుకుంటున్నాడు.

"నాతోని కాదన్నా. ఏం మంచిగుంటది జెప్పు. వీడియోల చూసినోళ్లు నన్ను తిడ్తరు."

"శ్రీరామ్ తల మీద పెట్టినప్పుడు తిట్టారా?"

"శ్రీరామ్ వేరు గదన్నా."

"ఎలా వేరు?"

మహీధర్ బల్ల దిగిపోయాడు. చెడ్డవాడు కాదు, ఆ సంగతే యోగానంద్‌కి మరింత ఒళ్లు మండించింది. తనను చీకట్లో రెక్క పట్టుకుని లాగేస్తుంటే ఇన్నేళ్లలో ఒక్కడికీ ఏమీ అనిపించలేదు. కిరీటం పెట్టుకుని, అడిగినదంతా ఇచ్చి, ఆఖరికి తన తల తనే చూపిస్తే మాత్రం జాలి పుట్టుకొచ్చింది.

"స్టేజీ మీద చూసుకుందాంలే," అని సీతారామారావు గారు తేల్చేశారు. ఎన్ని రిహార్సల్స్ చేసినా ఆ అడుగు అక్కడే ఆగిపోయింది.

సంబరాల రోజు మధ్యాహ్నం మంచు సన్నగా రాలుతోంది. స్కూలు ఆడిటోరియంలో పట్టుచీరల మీద చలికోట్లు, చలికోట్ల మీద పులిహోర మెతుకులు. శ్రీరామ్ కిరీటం యోగానంద్ ముక్కు మీదికి జారుతుంటే మధుమిత లోపల గుడ్డ కుట్టి బిగించింది. మీసం అంటిస్తూ, "నవ్వితే?" అంది.

"నవ్వనీ."

నవ్వారు. బలిచక్రవర్తి సభలోకి రాగానే వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అది ముందు వరసల దాకా పాకింది. యోగానంద్ నడక వేగం పెంచలేదు. సింహాసనం ఎక్కి, కాళ్లు కిందికి అందకపోయినా సర్దుకోకుండా, నవ్వు దానంతటది చచ్చేదాకా జనాన్ని చూస్తూ కూర్చున్నాడు. కోపం అతనికి బాగా సాయపడింది. అప్పుడు మొదటి పద్యం ఎత్తుకున్నాడు.

ధాత్రి గొడుగుతో వచ్చింది. శ్రీరామ్ అయితే నడుము వంచి, పసివాణ్ణి బుజ్జగిస్తున్నట్టు మాట్లాడేవాడు. యోగానంద్ వంగాల్సిన పని లేదు. సింహాసనం దిగి వచ్చి ఆ పిల్ల ఎదురుగా, కళ్లలో కళ్లు పెట్టి, ఏం కావాలని అడిగాడు. అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒకే ఎత్తులో నిలబడేసరికి హాల్లో సద్దు తగ్గింది. శుక్రాచార్యుడు వద్దు వద్దని గొంతు చించుకున్నాడు. బలి వినలేదు. నీళ్లు వదిలాడు.

లైట్లు ఆరిపోయాయి.

చీకట్లో వాలంటీర్ల అడుగుల చప్పుడు వినిపించింది. వెంటనే ధాత్రి గొంతు, ఏడుపుకి కొంచెం ఇవతల: "బట్ ఐ వాంట్ టు సీ!"

యోగానంద్ ఆలోచించలేదు. చెయ్యి చాచి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. "వదలండి," అన్నాడు వాలంటీర్లతో. సింహాసనం పక్కకి లాక్కుని, "ఇక్కడే కూర్చో. కదలకు. చూడు," అన్నాడు.

నీలం లైటు వెలిగింది. బల్ల మీద మహీధర్. ఈలలు. ఒక అడుగు భూమి, ఒక అడుగు ఆకాశం. మూడో అడుగు ఎక్కడ అని గర్జించాడు. యోగానంద్ తన పద్యం అందుకుంటూ కిరీటం తీసి పక్కన పెట్టి, మోకరిల్లి తల వంచాడు.

పాదం రాలేదు. తలెత్తి చూస్తే గాల్లో ఊగుతోంది.

"పెట్టు," అన్నాడు పళ్ల మధ్య నుంచి.

"మంచిగుండదన్నా," అంది నిలువు నామం కింద నుంచి విష్ణుమూర్తి స్వరం.

"పెట్టు మహీ!"

"వద్దన్నా..."

గొడుగు మీద, గొడ్డలి మీద, మొహమాటం మీద, అందరి మంచితనం మీద అతనికి ఉన్న విసుగంతా ఒక్కసారిగా చేతుల్లోకి వచ్చింది. రెండు చేతులా మహీధర్ చీలమండ పట్టుకున్నాడు. కిందికి లాగి, ఆ పాదాన్ని తన నడినెత్తిన పెట్టుకున్నాడు. మహీధర్ తూలాడు. పడిపోకుండా ఉండాలంటే బరువు మోపక తప్పలేదు. మోపాడు. యోగానంద్ మెడ కలుక్కుమంది గానీ కదల్లేదు. పద్యం పూర్తి చేశాడు.

సింహాసనం పక్క నుంచి ధాత్రి నోరు తెరుచుకుని చూస్తోంది. అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి. ఈల ఒక్కటి కూడా పడలేదు. తెర దించేదాకా ఆ చప్పట్లను యోగానంద్ ఎదురుగానే విన్నాడు.

మేకప్పు తుడుచుకుని పార్కింగ్‌లోకి వచ్చేసరికి సీతారామారావు గారు ఇంకా శుక్రాచార్యుడి జటలతోనే కాపు వేసి ఉన్నారు.

"ఏమయ్యా! ఆఖరి పద్యంలో మూడో పాదం మింగేశావే!"

యోగానంద్ నిర్ఘాంతపోయాడు. "మింగానా? మనిషి బరువు నెత్తిన ఉంది బాబాయ్ గారూ!"

"ఉంటే? బలికి లేదా బరువు? అంత కష్టపడి కట్టాను దాన్ని. మొదటి పద్యంలో యతి దగ్గర ఆగనే లేదు. సభలో చెవులున్నవాళ్లు లేరనుకున్నావా? పైగా పిల్లని స్టేజీ మీద కూర్చోబెట్టమని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. కూర్చోబెట్టాను."

"వచ్చే ఏడు బలి వెయ్యాలంటే గొంతు సాధన చెయ్యి. ఇలాగైతే కుదరదు."

మంచు ఇద్దరి మీదా పడుతూనే ఉంది. మధుమిత కారులోంచి రెండుసార్లు హారన్ కొట్టింది. యోగానంద్ వచ్చి కూర్చుని తలుపు దభాలున వేశాడు.

"ఏమంటారు ఆయన?"

"మూడో పాదం మింగేశానట! అక్షరం పొల్లుపోకుండా చదివాను. కావాలంటే విను."

మధుమిత కారు తీసింది. రోడ్డెక్కేలోపే యోగానంద్ గొంతు సవరించుకుని పద్యం అందుకున్నాడు. మొదటి పాదం అయింది. రెండోదీ అయింది. సిగ్నల్ దగ్గర కారు ఆగింది. అతనూ ఆగాడు. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు.

"ఊఁ?" అంది మధుమిత.

"ఉండు," అన్నాడు విసుగ్గా, మెడ రుద్దుకుంటూ. "వస్తోంది."